రెండు తాళాలు

(ఎమ్మిగనూరులో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటే ఉత్సాహంగా మాట్లాడేవాణ్ణి. కార్యదర్శిగారు "మీ ఇష్టమొచ్చిన విషయం" అన్నారు గనుక మనసులో నలుగుతున్నది చెబుతాను. నేను క్రైస్తవుణ్ణి. ఇతర మతాల మిత్రులు ఇది తమ ఇంటి సంగతి కాదనుకోవద్దు.

నేను సబ్‌ట్రెజరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుండేవి. ఒక తాళంచెవి ఆఫీసరు దగ్గర, రెండోది షరాబు దగ్గర. ఇద్దరూ వస్తే గాని తలుపు తెరుచుకోదు. వాళ్లు దొంగలని కాదు. ఎంతటి మంచివాణ్ణయినా డబ్బు ముందు ఒంటరిగా నిలబెట్టకూడదని ఆ ఏర్పాటు. సర్వీసంతా ఇది పాటించిన నేను ఆదివారం మందిరంలో మరచిపోయాను.

మన రాష్ట్రంలో స్వతంత్ర సహవాసాలకు ఒరవడి దిద్దినవారు బ్రదర్ భక్తసింగ్ గారు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. 1941లో మద్రాసులో సంఘం ఆరంభించి, ఆ తరువాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా సేవచేసి, 2000 సెప్టెంబరు 17న కన్నుమూశారు. వేలమంది వెంట నడిచినా ఆయన "బ్రదర్" గానే ఉన్నారు. సంఘం ఒక్కరి చేతిలో కాక పలువురు పెద్దల చేతిలో ఉండాలని ఆయన పద్ధతి. అంటే రెండు తాళాలే గదా!

నేను వెళ్లిన మందిరం ఆయన స్థాపించింది కాదు. ఒక సేవకుడు సొంతంగా పెట్టుకున్నది, పేరు అనవసరం. బిషప్పు లేడు, సినడు లేదు. పెద్దలం నలుగురం ఉన్నాం, తలలూపడానికి. ఏటా లెక్కల కాగితం మీద నేను సంతకం చేసేవాణ్ణి. ఒక్క వోచరు చూడలేదు. ఆఫీసులో అలా చేసివుంటే మెమో వచ్చేది!

మందిర స్థలానికని ఒక వితంతువు తన గాజులు ఇచ్చింది. ఏడాది తరువాత మా ఇంటికి వచ్చి, "అన్నా, స్థలం కొన్నారా?" అని అడిగింది. "అమ్మా, దైవసేవకుణ్ణి అలా అడగరాదు" అని పంపేశాను. ఆ మాట నేటికీ నన్ను నిద్రపోనివ్వదు. చివరకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తే స్థలం ఆయన భార్య పేరున ఉంది.

సభలో అడిగాను. ఆయన జవాబుగా 105వ కీర్తన తెరిచారు, అభిషిక్తులను ముట్టరాదన్న మాట కోసం. అది పితరులకు రాజులు హాని చేయరాదన్న సందర్భం. లెక్కలడగరాదని అందులో లేదు. దావీదు రాజును నాతాను నిలదీశాడు. పేతురంతటివాణ్ణి పౌలు ముఖాముఖిగా తప్పుపట్టాడు. అదే పౌలు చందా సొమ్ము పంపేటప్పుడు, నింద రాకుండా, సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడుంచాడు. ఇవన్నీ చెప్పేలోగా పాట ఎత్తుకున్నారు. ఆ తరువాత మా ఇంట కుటుంబ ప్రార్థనకు ఎవరూ రాలేదు. మా ఆవిడ నాతో నెలరోజులు మాట్లాడలేదు.

స్థలమే గదా, పోనీ అంటారా? 1978లో గయానాలోని జోన్స్‌టౌన్‌లో 900 మందికి పైగా చనిపోయారు. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో 400కు పైగా శవాలు బయటపడ్డాయి. ఉపవాసముంటే యేసును కలుస్తారని ఒక బోధకుడు చెప్పాడన్నది అభియోగం. వాళ్లూ మొదట అడగడమే మానుకుని ఉంటారు.

ఇదే ఊళ్లో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. సహకార సంఘంలో సభ్యుడు లేచి లెక్క అడిగితే ద్రోహమనరు, హక్కంటారు.

గాజులిచ్చిన ఆమె ఇంకా ఆ మందిరానికే వెళుతోంది. పోయిన నెల సంతలో కనబడి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది: "అన్నా, ఆ ఈసీ కాగితం నేను తీసుకోవచ్చునా? ఎంతవుతుంది?"

సోమవారం ఇద్దరం వెళుతున్నాం.