జేబులో మడత చాకు

రోజూ జేబులో వేసుకు తిరిగేందుకు మడత చాకు కొనాలనుకుంటే రెండు పాత పేర్లు తప్పక వినిపిస్తాయి. ఫ్రాన్సువారి ఒపినెల్, స్విట్జర్లాండ్‌వారి విక్టోరినాక్స్.

సవోయ్ కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారుచేసిన చాకు ఒపినెల్. ఒకే బ్లేడు, బీచ్ చెట్టు కర్ర పిడి. 8వ నంబరు చాకు బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు. అది పలుచన కాబట్టి మామిడికాయ చెక్కు ఎంతో సన్నగా వస్తుంది. పిడి మొదట్లో ఉక్కు రింగు ఉంటుంది. బ్లేడు తెరిచి ఆ రింగును తిప్పామంటే చాకు వేళ్ల మీదికి మూసుకోదు. 1955లో వచ్చిన ఈ ఏర్పాటే నా దృష్టిలో దాని అసలు గొప్పదనం. అయితే కార్బన్ స్టీలు రకంతో నిమ్మకాయ కోసి, తుడవకుండా మడిస్తే మచ్చలు పడతాయి, ఆపైన తుప్పు. మన కోస్తా ఉక్కపోతకు స్టెయిన్‌లెస్ రకమే మేలు. తడిస్తే పిడి కర్ర ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది కూడా.

విక్టోరినాక్స్ సంగతి వేరు. కార్ల్ ఎల్సెనర్ 1891లో స్విస్ సైనికులకు చాకులు అందించడంతో దాని ఖ్యాతి మొదలైంది. ఇప్పుడు కత్తెర, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసే పనిముట్టు ఒకే పిడిలో ఇమిడి వస్తున్నాయి. కానీ చిన్న మోడళ్లలో బ్లేడుకు లాక్ ఉండదు. మొనతో గుచ్చే పని దానితో చేయకండి.

అయినా ఒక్కటే కొనాలంటే నా ఓటు విక్టోరినాక్స్‌కే. ఏది కొన్నా, విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంచుకోకండి, చెక్-ఇన్ సామానులో వేయండి.