గుంపే అడ్డమైనప్పుడు

(జిగణిలో తెలుగు యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కు సువార్తలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చిన సంగతి చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఇంటి కప్పు విప్పారని చెప్పుకుంటాం. ఎందుకు విప్పాల్సి వచ్చిందో అంతగా పట్టించుకోం. వాకిట్లో గుంపు. వాక్యం వినడానికొచ్చిన మంచివాళ్ళే రోగికి అడ్డమయ్యారు. 2020లో మేమూ అదే చేశాం.

జిగణి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో మనవాళ్ళు ఎందరున్నారో మీకు తెలుసు. అనంతపురం, హిందూపురం వైపు ఎవరికైనా క్యాన్సర్ అంటే బస్సెక్కి కిద్వాయికో, బొమ్మసంద్ర ఆసుపత్రులకో వస్తారు. దిగేది మన గదుల్లోనే. ఆ మార్చి 25న లాక్‌డౌన్ పడింది. బస్సుల్లేవు. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్క తర్వాత బయటికొచ్చింది: మార్చి నుంచి మే వరకు కొత్త రోగుల నమోదు, ముందటేడు అవే నెలలతో పోలిస్తే 54 శాతం తగ్గింది. రోగమేమీ తగ్గలేదు, రాగలిగినవాళ్ళు తగ్గారు.

మా వరుస గదుల్లో ఒక అమ్మ ఉండేది. కొడుకుది రాళ్ళ పాలిష్ పని. అది ఆగింది, కూలీ ఆగింది. ఆమెకు రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. ఆంక్షలు సడలించగానే పదిమందిమి ఆ చిన్న గదిలోకి ప్రార్థనకు వెళ్ళాం. ప్రేమతోనే వెళ్ళాం, పాటలు కూడా పాడాం. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతాయని, మాస్కు లేని మా పాట కూడా ఆమెకు ప్రమాదమేనని తట్టలేదు.

వారం లోపే జ్వరం. ఆమె ఎవరికీ చెప్పలేదు. జ్వరమంటే కోవిడ్ వార్డులో పడేస్తారని, ఓనరు గది ఖాళీ చేయమంటాడని భయం. పారాసిటమాల్ మింగి పడుకుంది. కీమోలో ఉన్నవాళ్ళకు 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసి చూద్దామనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లవారుజామున కొడుకు మా తలుపు కొట్టాడు. ఆటో లేదు. ఒక తమ్ముడు గూడ్స్ బండి తెచ్చాడు. మొదటి ఆసుపత్రి కోవిడ్ రిపోర్టు లేదని చేర్చుకోలేదు, రెండోది చేర్చుకుంది. ఆమె బతికింది. మాకు అర్హత లేని కృప అది.

తర్వాత పద్ధతి మార్చాం. ఇంటికి ఇద్దరే, అదీ మాస్కుతో. క్యారియర్ గడప దగ్గర పెట్టడం, ప్రార్థన ఫోన్లో. థర్మామీటరు, కీమో ఫైలు, ఆసుపత్రి నంబరు, బండి నడిపే ముగ్గురి నంబర్లు ఒక సంచిలో వేసి తలుపు వెనక తగిలించాం. 2021లో టీకా వచ్చినప్పుడు కొందరు పెద్దలు మాకు విశ్వాసం లేదన్నారు. టీకా వేయించుకోని వాళ్ళను ఆ గదుల్లోకి పంపబోమని మేం గట్టిగానే చెప్పాం. కొన్నాళ్ళు పలకరింపులు కూడా లేవు, అది వేరే కథ.

ఒక మాట మరచిపోవద్దు. వైద్యం ఇక పనిచేయదన్నప్పుడు కూడా నొప్పికి మందుంది. మార్ఫిన్ మాత్ర మామూలు మందుల షాపులో దొరకదు, అనుమతి ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. బెంగళూరులో కరుణాశ్రయ చివరి దశ క్యాన్సర్ రోగులను ఉచితంగా చూస్తుంది. అడగడానికి సిగ్గుపడి నొప్పి భరించిన ఇళ్ళు చూశాం.

ఆ సంచులు ఇప్పటికీ రెండు తలుపుల వెనక ఉన్నాయి. బండి నంబర్లలో ఒకటి ఈ నెల ఖాళీ అయింది, ఆ తమ్ముడు ఊరికెళ్ళిపోయాడు. లైసెన్సు ఉండి, రాత్రి రెండింటికి ఫోనెత్తగలవాళ్ళు కూడిక అయ్యాక పేరివ్వండి.