వైద్యవృత్తికి తొలిమెట్టు పాఠశాలలోనే

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు ఈ పాఠశాల కార్యాలయంలో తప్పక వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "మా అమ్మాయిని డాక్టరు చదివిద్దామని ఉందండీ!" ఆ మాట పలికేది తండ్రి. పక్కనే అమ్మాయి తల వంచుకొని నిలబడి ఉంటుంది. ఆసుపత్రి గురించి ఆమెకు తెలిసినదల్లా జ్వరం వచ్చిననాడు నిలుచున్న వరుస, సూదిమందు నొప్పి, అర్థం కాని చేతివ్రాతతో ఉన్న మందుల చీటీ. తీసుకొనబోయే నిర్ణయమా, జీవితకాలానికి సంబంధించినది. ఇంత పెద్ద నిర్ణయానికి ఇంత చిన్న అనుభవం చాలునా? చాలదు. ఆ కొరతను తీర్చడంలో ఉన్నత పాఠశాల వంతు ఎంత అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

మొదట ఈ చెన్నపట్టణంతో ముడిపడిన ఒక జీవితాన్ని స్మరించుకోవడం సముచితం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో గట్టెక్కినది మూడవ ప్రయత్నంలో. అదీ ఈ నగరంలోని హిందూ హైస్కూలు నుంచి. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులలో ఇద్దరిని రోజుల వ్యవధిలో బలిగొన్నది. ఆ దుఃఖాన్ని గుండెలో దాచుకొని ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చదివారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. అమెరికా చేరి, అనంతరకాలంలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధమైనది.

వారం వారం బడిపిల్లలకు ఇచ్చే నీలిరంగు మాత్రను ఎరుగని వారు ఈ సభలో ఉండరు. పదేండ్లు మొదలు పంతొమ్మిదేండ్ల వరకు ఉన్న బాలబాలికలలో రక్తహీనత నివారణకై ఉద్దేశించిన ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మాత్రను చాటుగా కిటికీలోంచి విసరివేసే పిల్లలకు ఈ కథ చెప్పిన తరువాత ఆ అలవాటు చాలావరకు తగ్గింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన ఒక తెలుగు బాలుని తపస్సు ఆ మాత్రలో ఉన్నదని తెలియడమే వైద్యవిద్యకు మొదటి పాఠం.

ఈ భావంతోనే వేసవి సెలవులలో తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు వైద్యవృత్తుల పరిచయ శిబిరం నిర్వహించడం ఈ పాఠశాలలో ఆనవాయితీ అయినది. దీనిని పరీక్షల శిక్షణ అని పొరబడరాదు. వైద్యరంగంలోకి అడుగుపెట్టదలచిన పిల్లలకు ఆ రంగం ఎట్లా ఉంటుందో, తమ స్వభావానికి అది సరిపడునో లేదో తెలుసుకొనే అవకాశం కల్పించడమే దీని పరమార్థం.

శిబిరంలో మొదటి రోజులు ప్రథమ చికిత్సకు కేటాయింపబడినవి. గుండె ఆగినవారికి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 సెంటీమీటర్లకు మించకుండా నొక్కాలని బొమ్మపై అభ్యాసం చేయిస్తారు. కాలిన గాయంపై సిరా, టూత్‌పేస్టు పూయరాదనీ, 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార క్రింద ఉంచాలనీ నేర్పుతారు. పాము కరచినచోట కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం తగవనీ, ఆ అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలనీ చెబుతారు. లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే విరేచనాల వల్ల నీరసించే బిడ్డ ప్రాణం నిలుస్తుందని ప్రతి విద్యార్థీ తన చేతితో కలిపి తెలుసుకుంటాడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, 2008లో తమిళనాడుకు విస్తరించిన 108 అత్యవసర సేవకు ఫోను చేసినప్పుడు చిరునామా, గుర్తు తెలిసే స్థలం, రోగి స్థితి ఎట్లా చెప్పాలో కూడా సాధన చేయిస్తారు. వీరిలో ఏ ఒక్కరూ వైద్యులు కాకపోయినా ఈ విద్య వృథా పోదు.

తరువాతి ఘట్టం ఆసుపత్రి సందర్శనం. ఇందులో నియమాలు కఠినమైనవి. తల్లిదండ్రుల సమ్మతిపత్రం లేనిదే ఏ విద్యార్థినీ తీసుకుపోరు. రోగి అంగీకారం లేకుండా పడక దగ్గరకు పోరాదు. చికిత్సలో చేయి పెట్టరాదు. ఫోటోలు తీయరాదు. అక్కడ విన్న ఒకరి వ్యాధి గురించి ఇంటికి వచ్చి మరొకరితో ముచ్చటించరాదు. పరుల బాధను గోప్యంగా కాపాడడం వైద్యుని ధర్మాలలో ప్రధానమైనది. దానిని పదిహేనవ ఏటనే అలవరచుకుంటే తరువాత కష్టం కాదు.

ఒక సంవత్సరం ప్రభుత్వ ఆసుపత్రి సందర్శనంలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పదగినది. ప్రసూతి వార్డు వసారాలో పిల్లలు వరుసగా నడుస్తుండగా ఒక బాలిక హఠాత్తుగా స్నేహితురాలి వెనుకకు చేరి ముఖం దాచుకున్నది. ఎదురుగా బకెట్టు, తుడుపుకర్రతో నేల శుభ్రం చేస్తున్న స్త్రీ ఆమె తల్లి. తరతరాలుగా ఈ నగరపు పారిశుద్ధ్యాన్ని మోసినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ కుటుంబాల పిల్లలు ఈ బడిలో చదివారు, చదువుతున్నారు. తల్లి కూడా బిడ్డను చూసింది. చూసి, చూడనట్లు పక్కకు తప్పుకోబోయింది.

అక్కడి నర్సింగ్ సూపరింటెండెంటు ఆ సంగతి గ్రహించారు. ఆ తల్లిని పేరు పెట్టి పిలిచి పిల్లల ముందుకు రప్పించి, "ఈమె ఈ పూట సెలవు పెడితే ఈ వార్డులో పురుళ్ళు పోయడానికి పెద్ద డాక్టరుగారికి కూడా భయమే" అని చెప్పారు. ఆ పైన పిల్లలకు వియన్నా నగరపు కథ వివరించారు. 1847లో అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువవైద్యుడు, శవపరీక్ష గది నుంచి నేరుగా పురిటిగదికి వచ్చే వైద్యులు, వైద్యవిద్యార్థులు క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఆ ఏప్రిల్ నెలలో నూటికి పద్దెనిమిది వరకు ఉన్న బాలింతల మరణాలు రెండు నెలలలో నూటికి రెండుకు దిగివచ్చినవి. కొత్త మందు ఏదీ కనుగొనకుండా, శుభ్రత ఒక్కటే అంతటి మేలు చేసింది.

ఆ సాయంత్రం బాలిక ఏమీ మాట్లాడలేదు. మరునాడు శిబిరంలో చేతులు కడిగే పద్ధతి చూపించే వంతు వచ్చినప్పుడు, "మా అమ్మ చూపిస్తే బాగుంటుంది టీచర్" అన్నది. అట్లాగే ఆ తల్లి ఈ బడికి వచ్చి, ఉపాధ్యాయినులతో సహా అందరికీ వ్రేళ్ళ సందులు, గోళ్ళ చివరలు, బొటనవ్రేలి మొదలు ఎట్లా రుద్దాలో చేసి చూపించింది. ఆ బాలిక నర్సింగు పట్టభద్రురాలై నేడు ఉద్యోగంలో ఉన్నది.

శిబిరం వలన అందరూ ఆ రంగంలోకే పోతారని కాదు. పోకూడని వారు ముందుగానే తెలుసుకోవడం కూడా లాభమే. వైద్యుడు కావాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించిన ఒక బాలుడు రక్తాన్ని చూడగానే సొమ్మసిల్లాడు. తొలిసారి అట్లా జరగడం సహజమనీ, ఎందరో పెద్ద వైద్యులకు కూడా అలవాటు మీదనే ధైర్యం వస్తుందనీ చెప్పి అతనిని ఓదార్చారు. అయితే ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న అతడు భోజనానికి కూడా లేవలేదు. అతని దారి అక్కడ దొరికింది.

ఇక అసలైన చిక్కు భాష. తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చక్కగా చదివి, పదకొండవ తరగతిలో ఆంగ్ల మాధ్యమంలో చేరిన పిల్లలు మొదటి మూడు నెలలు కన్నీరు పెట్టుకోవడం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. తెలివి తక్కువై కాదు. తెలిసిన విషయమే తెలియని పేరుతో ఎదురైనందువలన. ధమనిని ఆర్టరీ అనీ, సిరను వీన్ అనీ, క్లోమాన్ని పాంక్రియాస్ అనీ, ప్లీహాన్ని స్ప్లీన్ అనీ, అవటుగ్రంథిని థైరాయిడ్ అనీ అన్నంతనే ఆ అవయవం మారిపోదు. అందుచేత శిబిరంలో ప్రతి విద్యార్థీ రెండు గడుల నోటుపుస్తకం వ్రాయడం నియమం. ఎడమ గడిలో తెలుగు మాట, కుడి గడిలో ఆంగ్లమాట. రోజుకు పది మాటలు. తొమ్మిదవ తరగతిలో మొదలుపెట్టిన బిడ్డ పదవ తరగతి ముగిసేనాటికి వేయి మాటలు దాటగలదు. విషయాన్ని తల్లిభాషలో అర్థం చేసుకొని, పేరును రెండు భాషలలో నేర్చినవారికి ఆంగ్ల మాధ్యమం భూతం కానేరదు.

ఇది ఎంత అవసరమో తల్లిదండ్రులు గుర్తించవలెను. వైద్యకళాశాలల ప్రవేశానికి జరిగే నీట్ పరీక్షను 2017లో తెలుగుతో సహా 10 భాషలలో నిర్వహించారు. అయితే ఆ తరువాతి సంవత్సరాల సమాచార పుస్తకాల ప్రకారం తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకు మాత్రమే పరిమితం. తమిళనాడు కేంద్రంలో కూర్చునే తెలుగు బిడ్డ ఆంగ్లాన్నో, తమిళాన్నో, హిందీనో, ఉర్దూనో ఎంచుకోవలసిందే. సరియైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత ఉన్న ఆ పరీక్షలో ప్రశ్న అర్థం కాక పోగొట్టుకునే మార్కు మరింత బాధాకరం. మరొక సంగతి. 2020లో తమిళనాడు చేసిన చట్టం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్యసీట్లలో 7.5 శాతం ప్రత్యేకించినది. ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలకు అది వర్తించదు. ఈ సంగతి ఆలస్యంగా తెలిసి నిరాశపడిన కుటుంబాలు ఉన్నవి. నిబంధనలు మారుతుండవచ్చు కాబట్టి ఏటేటా విచారించి తెలుసుకోవడం మంచిది.

వైద్యరంగమంటే ఎం.బి.బి.ఎస్. ఒక్కటే కాదన్న సత్యాన్ని కూడా చెప్పక తప్పదు. నాలుగున్నరేండ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ గల ఆ కోర్సుకు పోటీ తీవ్రం. నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగు, మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.ఫార్మసీ, ప్రయోగశాల, ఎక్స్‌రే, డయాలసిస్, శస్త్రచికిత్సశాల సాంకేతిక కోర్సులు, ఫిజియోథెరపీ, దృష్టి పరీక్షల ఆప్టోమెట్రీ - ఇవన్నీ గౌరవప్రదమైన వృత్తులే. ఇట్టి అనుబంధ వైద్యవృత్తులకు ప్రత్యేక జాతీయ కమిషన్‌ను ఏర్పరచే చట్టం 2021లో వచ్చినది. "నర్సు ఉద్యోగమా?" అని పెదవి విరిచే పెద్దలు తమ ఇంట ఎవరైనా ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నప్పుడు రాత్రి రెండు గంటలకు ఎవరి ముఖం వైపు చూశారో ఒకసారి గుర్తు చేసుకోవలెను.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. కోచింగు కొరకు ఇల్లు తాకట్టు పెట్టే ముందు, నగలు అమ్మే ముందు, బిడ్డను ఒక్కరోజు ఆసుపత్రి చూడనివ్వండి. వచ్చిన తరువాత ఏమి చూశావని అడగండి. ఏమి కావాలనుకుంటున్నావని కూడా అడగండి. జవాబు మీరు అనుకున్నది కాకపోతే కోపగించుకోకండి.

పూర్వవిద్యార్థులలో వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, ప్రయోగశాల నిపుణులు ఎందరో ఈనాడు ఈ సభలో ఉన్నారు. ఉత్సవ సందర్భంగా పాఠశాలకు ఏమి కానుక ఇవ్వవలెనని వారు అడుగుతున్నారు. బల్లలు, పంకాలు స్వాగతమే. వాటికన్న విలువైనది ఏడాదికి ఒక్క రోజు. తాము కూర్చున్న అవే బల్లల మీద నేడు కూర్చున్న పిల్లలకు, తెలుగులో, తమ వృత్తిలోని కష్టసుఖాలు చెప్పే ఒక్క రోజు. డెబ్బదిఐదు సంవత్సరాల క్రితం ఈ బడికి పునాది వేసినవారు పొరుగు నేలపై తెలుగు బిడ్డ చదువు ఆగిపోరాదని కోరుకున్నారు. ఆ కోరిక పదవ తరగతితో ముగిసేది కాదు. తల వంచుకొని నిలబడిన అమ్మాయి తల ఎత్తి, తనకు ఏమి కావలెనో తానే చెప్పగలిగిననాడు ఆ ఋణం కొంతైనా తీరినట్లు.