చీపురు పట్టిన చెయ్యి, మ్యూజియం మెట్లు

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆధునిక కళా ఉద్యమాల గురించి చెప్పమని నన్ను పిలిచారు. ఇందాక లోపలికొస్తుంటే ఒక పెద్దమ్మ, "బొమ్మల సంగతి మనకెందుకు బిడ్డా, కూలి సంగతి చెప్పు" అన్నది. ఆ మాట సబబే. అందుకే ఇయ్యాల కూలి సంగతే చెప్తా. బొమ్మల సంగతి అందులోంచే వస్తుంది.

ముందు ఒక తొట్టి కథ. 1917లో న్యూయార్క్‌లో ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. ఫీజు కట్టిన ప్రతి కళాకారుడి పనినీ పెడతామన్నారు. మార్సెల్ డుషాంప్ అనే ఫ్రెంచి కళాకారుడు, మగవాళ్ళు ఒంటేలు పోసుకునే పింగాణీ తొట్టి మీద 'ఆర్. మట్' అని దొంగ సంతకం పెట్టి, 'ఫౌంటెన్' అని పేరు రాసి పంపించాడు. పెద్దమనుషులు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. ఇది కళెట్లా అవుతుందన్నారు. అసలు కొట్లాట అక్కడే మొదలైంది. కళ అంటే చేత్తో చెక్కిందా? కళాకారుడు ఎంచుకుని పేరు పెట్టిందా? ఆ పేరు పెట్టే అధికారం ఎవరిది? మొదటి తొట్టి ఎటో పోయింది. 1964లో డుషాంప్ అనుమతితో చేసిన నకళ్ళు ఇప్పుడు పెద్ద మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి.

1960ల్లో ఈ కొట్లాట ఇంకా ముదిరింది. వస్తువు కంటే ఆలోచన ముఖ్యమన్నవాళ్ళది కాన్సెప్చువల్ ఆర్ట్. బొమ్మ మిగలక్కర్లేదు, మనిషి చేసే పనే కళ అన్నవాళ్ళది పర్ఫార్మెన్స్ ఆర్ట్. పేర్లకు నోరు తిరక్కపోతే వదిలెయ్యండి. విషయం పట్టుకోండి.

అయితే మనకు తట్టే ప్రశ్న ఇంకోటుంది. అట్లాంటి తొట్టిని రోజూ కడిగేదెవరు? డుషాంప్‌కు ఆ ప్రశ్న తట్టలేదు. తట్టింది ఒక బాలింతకు.

ఆమె పేరు మీర్ల్ లేడర్‌మన్ యూకలీస్. అమెరికా కళాకారిణి. 1968లో బిడ్డ పుట్టింది. పొద్దస్తమానం గుడ్డలు ఉతకడం, పాలు పట్టడం, ఇల్లు ఊడవడం. తాను ఆరాధించిన గొప్ప కళాకారులెవరూ బిడ్డల గుడ్డలు మార్చలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. 1969లో ఒక ప్రకటన రాసింది. కడగడం, తుడవడం, వండటం, బాగుచెయ్యడం, ఈ పనులే లోకాన్ని నిలబెడుతున్నాయి, వీటినే కళగా చూపిస్తానన్నది. విప్లవం వచ్చాక సోమవారం పొద్దున చెత్త ఎవరెత్తాలని అందులో అడిగింది. మన దగ్గర విప్లవం చెప్పే పెద్దల్ని కూడా అడగాల్సిన ప్రశ్న ఇది.

1973లో హార్ట్‌ఫర్డ్ పట్నంలోని మ్యూజియం మెట్లను వంగి, మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళతో కడిగింది. అక్కడే ఇంకో పని చేసింది. ఈజిప్టు మమ్మీని పెట్టిన అద్దాల పెట్టె ఒకటుంది. దాన్ని రోజూ తుడిచేది స్వీపరు. ఆ రోజు ఆమె తుడిచి, ఇది కళ అని ముద్ర వేసింది. ఇంక దాన్ని స్వీపరు ముట్టుకోగూడదు. కళావస్తువుల్ని కాపాడే నిపుణుడే తుడవాలి!

ఇక్కడ ఆగి ఆలోచించండి. అదే అద్దం, అదే గుడ్డ, అదే తుడుపు. చెయ్యి మారితే విలువ మారింది. పనిలో ఎక్కువ తక్కువలు లేవు, చేసే మనిషికి కట్టిన వెలలో ఉన్నాయి. కులం పనుల్నే కాదు, పని చేసే మనుషుల్ని కూడా ఒకరి మీద ఒకర్ని మెట్లుగా పేర్చిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. మ్యూజియంలో ఆమె చూపించింది మనకు పుట్టినప్పట్నుంచీ తెలిసిందే.

1977లో ఆమె న్యూయార్క్ పారిశుధ్య శాఖలో జీతం లేని కళాకారిణిగా చేరింది. 1979, 80 సంవత్సరాల్లో నగరమంతా తిరిగి, దాదాపు 8,500 మంది చెత్త కార్మికుల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపింది. ఈ నగరాన్ని బతికిస్తున్నందుకు మీకు కృతజ్ఞతలని చెప్పింది. ఆ పనికి 'టచ్ శానిటేషన్' అని పేరు పెట్టింది. టచ్ అంటే ముట్టుకోవడం. ముట్టుకోవడమంటే ఏమిటో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1983లో ఒక చెత్త లారీకి చుట్టూ అద్దాలు బిగించి ఊరేగింపులో నడిపించింది. రోడ్డు పక్కన నిలబడ్డ జనానికి చెత్తబండి మీద తమ మొహాలే కనబడ్డాయి. ఈ చెత్త ఎవరిదని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇది మంచిదే. కానీ మనం చప్పట్లు కొట్టి ఊరుకోగూడదు. చెయ్యి కలిపితే మర్యాద దక్కుతుంది, కూలి పెరగదు. 2020 మార్చి 22న మన దేశంలోనూ చప్పట్లు కొట్టారు, పళ్ళాలు మోగించారు. మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. ఆ తర్వాత కూడా మన పిల్లలు మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోయారు.

అందుకే ఇంకో బొమ్మ సంగతి చెప్తా. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్ నగరంలో ఇద్దరు నల్లజాతి చెత్త కార్మికులు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, చెత్త లారీ యంత్రంలో నలిగి చనిపోయారు. దాదాపు 1,300 మంది సమ్మె కట్టారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక అట్ట, దానిమీద ఒకటే మాట: 'నేను మనిషిని'. వాళ్ళకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. కార్మికులు బెదరలేదు. ఏప్రిల్ 16న యూనియన్‌కు గుర్తింపు, కూలి పెంపు సాధించుకున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1988లో, గ్లెన్ లైగన్ అనే నల్లజాతి చిత్రకారుడు ఆ అట్ట మీది మాటనే కాన్వాసు మీద రంగులతో రాశాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉంది. సమ్మె ముందు, బొమ్మ తర్వాత. ఈ వరస మర్చిపోవద్దు.

మన డప్పు సంగతి చూడండి. తోలు శుభ్రం చేసేది, బిగించేది, కాచేది మనం. మన చేతిలో ఉంటే మైల. పట్నం స్టేజీ ఎక్కితే జానపద కళ. రెండుచోట్లా మోగేది ఒకే డప్పు.

కాబట్టి ఏ మ్యూజియానికి పోయినా, ఏ కళాప్రదర్శనకు పోయినా భయపడొద్దు. మనకర్థం కాదని తల దించుకోవద్దు. మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇది ఎవరి చేతి పని? దీన్ని కళ అన్నదెవరు? వచ్చిన పేరు, పైసా ఎవరికి చేరింది?

ఇందాకటి పెద్దమ్మా, నువ్వడిగిన కూలి సంగతి ఇదేనమ్మా.

జై భీం!