అరణ్యములో పెరిగిన చిన్నవాడు



ఈ దినము మన ధ్యానము ఆదికాండము 21వ అధ్యాయములోనిది. హాగరు కుమారునితో బెయేర్షెబా అరణ్యములో తిరుగుచుండగా తిత్తిలోని నీళ్లు అయిపోయెను. బిడ్డ మరణమును కన్నులార చూడలేక, వానిని పొద నీడను విడిచి, దూరముగా కూర్చుండి ఏడ్చెను.

మన సంఘాలలోనూ అటువంటి తల్లిదండ్రులున్నారు. తేనెటీగో కందిరీగో కుడితే చాలామంది పిల్లలకు నొప్పి, వాపు వచ్చి తగ్గిపోతాయి. ఎలర్జీ ఉన్న కొద్దిమందికి మాత్రం నిమిషాలలోనే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖము వాచి, ఊపిరాడక ప్రాణము మీదికి వస్తుంది. వైద్యులు దీనిని అనఫిలాక్సిస్ అంటారు. ఒకసారి అది చూచిన తల్లికి మునుపటి నిద్ర ఉండదు. మామిడి పూతకు ఈగలు ముసిరినా, స్కూలు నుండి ఫోను మోగినా గుండె దడ. బిడ్డను ఆటకు పంపలేరు. "నీవు సరిగా చూడలేదు" అనే మాట భార్యాభర్తల మధ్యకు వస్తుంది.

"ఈగ కుట్టితే ఇంత భయమా? విశ్వాసము లేదా?" అని మనమే అడుగుతాము. ప్రియులారా, ఆ మాట కందిరీగ ముల్లుకంటె లోతుగా దిగుతుంది. దేవుడు హాగరును అలా గద్దించలేదు. ఆమె బాధ ఏమిటని పలుకరించి, బిడ్డ మొర విన్నానని ధైర్యము చెప్పెను.

పిమ్మట దేవుడామె కన్నులు తెరచెను. ఆమె నీళ్ల బావిని చూచెను. భయము దగ్గరనున్న సహాయమును కూడ కనబడనియ్యదు. నేటి ఆ బావి అడ్రినలిన్ ఇంజెక్షను. తొడ వెలుపలి కండరమునకు ఆలస్యము లేకుండ ఇవ్వాలి. ఎలర్జీ మాత్ర దానికి బదులు కాదు. 108కి ఫోను చేయండి. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి, ఆయాసపడితే కూర్చోబెట్టండి, నడిపించవద్దు. తగ్గినట్లున్నా మరల రావచ్చును గనుక ఆసుపత్రిలో కొంతసేపు ఉంచాలి. ఆ ఈగ విషమునే అతి కొద్దిగా మొదలుపెట్టి, సాధారణముగా 3 నుండి 5 సంవత్సరాలు ఇచ్చే ఇంజెక్షన్ల చికిత్స కూడ ఉన్నది. ఎలర్జీ నిపుణుని అడగండి. వైద్యము చేయించుట అవిశ్వాసము కాదు. హాగరు బావిని చూచి ఊరకుండలేదు. తిత్తి నింపి బిడ్డకు త్రాగించెను.

బిడ్డను లేవనెత్తి చేయి పట్టుకొనమని కూడ దేవుడు చెప్పెను. కాబట్టి తల్లులారా, తండ్రులారా, బిడ్డను ఇంట దాచకండి. చెప్పులు లేకుండ గడ్డిలో నడవవద్దని, తేనెపట్టు మీద రాళ్లు వేయవద్దని, కుట్టిన వెంటనే పెద్దలకు చెప్పమని నేర్పండి.

ఆ అరణ్యము మాయము కాలేదు. దేవుడు తోడైయుండగా చిన్నవాడు అరణ్యములోనే పెరిగి విలుకాడాయెను. తేనెటీగలూ లోకములో ఉంటాయి. మన పిల్లలూ పెరుగుతారు.

సంఘమా, హాగరు ప్రక్కన ఏ మనుష్యుడును లేడు. మన మధ్యనున్న తల్లికి ఆ స్థితి రానియ్యకుడి. సండేస్కూలు టీచర్లారా, ఆ బిడ్డ ఎవరో, మందు ఎక్కడున్నదో తెలిసికొనండి. మందిరపు చూరుకు పట్టు ఉంటే పని తెలిసినవారితో తీయించండి. ఒక మధ్యాహ్నము బిడ్డను మీరు కనిపెట్టి, ఆ తల్లిని నిద్రపోనియ్యండి.

ప్రార్థించుకొందము. పరలోకమందున్న తండ్రీ, భయముతో మేల్కొనియున్న తల్లిదండ్రుల కన్నులు తెరువుము. వారికి బావిగా మమ్మును వాడుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.