జ్వరం విడిచిన తరువాత

(వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము చరిత్ర బోధించేవారము, వైద్యులము కాము. అయినా ఈ సభలో ఒక బాధను గురించి, దాని చికిత్సను గురించి మాట్లాడదలచాము. ఆ బాధను స్ఫురింపజేసే ఒక మాట మన తెలుగునేల మీది బౌద్ధ శాసనంలోనే ఉన్నది. కృష్ణాతీరాన నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఎన్నో విహారాలు వెలసాయి. అక్కడి శాసనమొకదానిలో ‘విగతజ్వరాలయం’ అనే పదం కనిపిస్తుంది. జ్వరపీడితులు కోలుకొనేందుకు విహారంలో ఏర్పరచిన నివాసమని చరిత్రకారులు దానిని వివరించారు. ఆ పదాన్ని విడదీసి చూస్తే, జ్వరం విడిచిన ఇల్లు అని అర్థం వస్తుంది. జ్వరం తగ్గిన తరువాత కూడా మనిషికి ఒక చోటు, ఒక తోడు కావాలి. ఈనాడు మేము విన్నవించదలచినది ఇదే.

ఈ మాట ఢిల్లీలో చెప్పవలసిన అవసరం ఎందుకు కలిగినదో మీకు తెలియనిది కాదు. 2021 ఏప్రిల్ 20వ తేదీన ఈ నగరంలో ఒక్కరోజులోనే 28,395 కోవిడ్ కేసులు నమోదయ్యాయి. ఆసుపత్రులలో పడకలు లేవు, ప్రాణవాయువు లేదు. ఘజియాబాద్ ఇందిరాపురంలో గురుద్వారా ముంగిట ఆక్సిజన్ లంగరు నడిచింది. ఆ దినాలలో ఐసీయూలో పడి బ్రతికి బయటపడినవారు మనలోనూ ఉన్నారు. వారిని చూసి ‘గండం గడిచింది’ అని అందరమూ సంతోషించాము. కాని వారిలో కొందరికి ఆ గండం గడవలేదు. యంత్రం కూత వంటి శబ్దం వినిపిస్తే ఒళ్ళు చెమటలు పడుతుంది. రాత్రి దీపం ఆర్పనివ్వరు. పరీక్షలకు రమ్మని వైద్యులు పిలిచినా ఆసుపత్రి వీధి తొక్కరు. తమను ఎవరో మంచానికి కట్టివేసి చంపబోయారని నేటికీ నమ్మేవారు ఉన్నారు.

ఇది పిరికితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. తీవ్రమైన జబ్బులో, మత్తుమందుల ప్రభావంలో, పగలు రాత్రి తెలియని గదిలో మెదడు భ్రాంతికి లోనవుతుంది. ముఖాలు కనిపించని రక్షణ దుస్తులలోని మనుషులు, అర్థంకాని భాష ఆ భ్రాంతిని పెంచుతాయి. బ్రతుకుతెరువుకై వచ్చి హిందీ అంతంతమాత్రంగా తెలిసిన మన తెలుగువారికి ఆ ఒంటరితనం మరీ అధికం. ఇట్టి భయాల అనంతర వేదనను అమెరికా మనోవైద్యులు 1980లో ఒక వ్యాధిగా తమ వర్గీకరణలో చేర్చారు. ఐసీయూ నుండి వచ్చినవారి శరీరంలోను, జ్ఞాపకశక్తిలోను, మనస్సులోను మిగిలిపోయే ఇబ్బందులకు 2012లో ప్రత్యేకంగా ఒక పేరు ఏర్పడింది. అనేక పరిశోధనలను కలిపి చూస్తే, ఐసీయూ నుండి బయటపడినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ భయవేదన లక్షణాలు ఉంటున్నాయి. ఆసుపత్రి గేటు బయట రాత్రుళ్ళు నిలబడిన భార్యకు, కొడుకుకు, శవాలను మోసిన పారిశుద్ధ్య కార్మికునికి కూడా ఇవి రావచ్చును.

ఇట్టివారితో మన సమాజం రెండు మాటలు అంటుంది. మొదటిది, ‘నీ కర్మ’ అన్న మాట. దీనిని భగవానుడే తిరస్కరించాడు. సంయుత్తనికాయంలో మోళియసీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని అడిగాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, దెబ్బ మొదలైన ఎనిమిది కారణాలను బుద్ధుడు లెక్కించి, కర్మను వాటిలో ఒకటిగా మాత్రమే చెప్పాడు. అన్నింటికీ కర్మమే కారణమనేవారు హద్దు మీరుతున్నారన్నాడు. పుట్టుకనే పాపమని మన పెద్దలకు చెప్పిన సమాజంలో ఈ సమాధానం విలువ మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది, ‘ధైర్యంగా ఉండు, ధ్యానం చేయి, అదే పోతుంది’ అన్న మాట. ఇది మనవారే అంటారు. రెండు బాణాల ఉపమానాన్ని దీనికి తోడు తెస్తారు. శరీర బాధ మొదటి బాణం, దానిపై మనస్సు పడే వేదన రెండవ బాణం అన్న బోధ సత్యమే. కాని రెండవ బాణం తగిలినవానిని చూసి, నీవే పొడుచుకున్నావని నిందించడం ఆ బోధ తాత్పర్యం కాదు. మాలుంక్యపుత్తునికి చెప్పిన మరొక ఉపమానంలో విషబాణం తగిలినవాని కోసం అతని మిత్రులు, బంధువులు శల్యవైద్యుని పిలిపిస్తారు. బాణాన్ని తీయడానికి వైద్యుడు కావాలి, ఆ వైద్యుని పిలిపించడానికి మనుషులు కావాలి. బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా మధుమేహంతో, నరాల నొప్పులతో ఏళ్ళ తరబడి బాధపడుతూ వైద్యుల చికిత్స పొందారు. చికిత్స కోరడం ధమ్మంపై విశ్వాసలోపం కానేకాదు.

ఈ వేదనకు చికిత్స ఉన్నది. భయపెట్టిన జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట, శిక్షణ పొందిన నిపుణుని సమక్షంలో, కొద్దికొద్దిగా విప్పి చూచే సంభాషణ చికిత్సలు ఫలితమిస్తున్నాయి. అవసరమైనచోట మందులు కూడా ఇస్తారు. లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయరాదు. ఢిల్లీలో దిల్షాద్ గార్డెన్‌లోని ఇహ్‌బాస్, ఎయిమ్స్ మనోవైద్య విభాగం ఉన్నాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఫోన్ చేసి ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చును. ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలలో మానసిక వైద్యం పొందడం 2017 నాటి చట్టం మనకిచ్చిన హక్కు. భయం మనస్సులోనిదే అయినా హక్కు కాగితం మీదిది. దానిని అడిగి తీసుకోవాలి.

ధ్యానం విషయంలో ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఆనాపానసతి ఉత్తమ సాధనమే. కాని ఊపిరి అందక చావు అంచు చూచినవానికి శ్వాసను గమనించమనడం కొన్నిసార్లు ఆ భయాన్నే తిరిగి లేపుతుంది. అట్టివారిని పదిరోజుల మౌన శిబిరానికి తొందరపడి పంపవద్దని మా మనవి. సతిపట్ఠానంలో నడక ఉన్నది, నిలుచుట, కూర్చుండుట ఉన్నాయి. కన్నులు తెరచి, పాదాలు నేలను తాకడాన్ని గమనిస్తూ నాలుగు అడుగులు వేయడమూ సాధనమే. కష్టమనిపించినప్పుడు ఆపివేసే స్వేచ్ఛ సాధకునికి ఉండాలి.

పటాచార కథ మీరెరుగుదురు. భర్తను, బిడ్డలను, తల్లిదండ్రులను ఒక్కుమ్మడిగా కోల్పోయి, వంటిపై బట్ట లేదన్న స్పృహ కూడా లేక తిరుగుతున్న ఆమెను జనం తరిమారు. బుద్ధుడు దగ్గరకు రానిచ్చాడు. ఆమె తెప్పరిల్లగా ఒకరు తమ ఉత్తరీయాన్ని ఇచ్చారు. ఆ తరువాతనే బోధ. ముందు వస్త్రం, పిదప ధమ్మం. ఈ క్రమాన్ని మనం మరువరాదు.

వినయపిటకంలో, అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు స్వయంగా కడిగి మంచంపై పడుకోబెట్టిన వృత్తాంతం ఉన్నది. అక్కడే రోగికి పరిచర్య చేసేవానికి ఉండవలసిన ఐదు గుణాలను చెప్పారు. మందు సిద్ధం చేయగలగడం వాటిలో ఒకటి. సమయోచితమైన ధమ్మవచనాలతో రోగి మనస్సును తేర్చగలగడం మరొకటి. మనస్సుకు చేసే సేవ పరిచర్యలో భాగమేనని మన ధమ్మం అప్పుడే గుర్తించింది. అశోకుడు మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్స ఏర్పరచానని చెప్పిన శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికీ ఉన్నది.

కనుక మన సంఘం ముందు మూడు పనులు ఉంచుతున్నాము. ఒకటి, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన ప్రతి సభ్యుని తొలి మూడు నెలలలో ఇద్దరు చొప్పున కలుస్తూ ఉండాలి. చెప్పమని బలవంతం చేయరాదు, చెబితే మధ్యలో ఆపరాదు. రెండు, తిరిగి పరీక్షలకు వెళ్ళే దినాన తోడు వెళ్ళాలి. అక్కడ హిందీలో మాట్లాడవలసింది మనమే మాట్లాడాలి. మూడు, ఎవరైనా ఐసీయూలో ఉన్నప్పుడు కుటుంబం వారు రోజుకు నాలుగు వాక్యాలు ఒక పుస్తకంలో వ్రాయాలి: ఈరోజు ఏమి జరిగింది, ఎవరు వచ్చారు, వైద్యుడు ఏమన్నాడు. స్కాండినేవియా దేశాలలో నర్సులు దశాబ్దాల క్రితమే ఈ పద్ధతి మొదలుపెట్టారు. దాని ఫలితాలపై పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా భ్రాంతిలో గడిచిన రోజులకు నిజమైన కథ ఒకటి దొరకడం మేలే కదా.

నాగార్జునకొండ లోయ ఈనాడు సాగర జలాల అడుగున ఉన్నది. ఆ ఆలయపు ఇటుకలను మనం తిరిగి పేర్చలేము. కాని దానికి కావలసినది ఒక గది, రెండు కుర్చీలు, తొందరలేని ఒక మనిషి. వచ్చే పూర్ణిమ నుండి వందనం ముగిసిన తరువాత ఒక గంటసేపు ఈ హాలు పక్కగదిని తెరచి ఉంచుదాము. రావలసినవారు రానక్కరలేకుండా పోతే మరీ మంచిది. వచ్చినవారికి మాత్రం తలుపు మూసి ఉండకూడదు.

భవతు సబ్బ మంగళం.