పది కథల్లో మూడు



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ నాకు ప్రేమకథల సంపుటం చేతిలో వుండాలి. నవల పట్టుకుంటే పొయ్యిమీద పాలు పొంగిపోవలసిందే. కథైతే పాలు కాగేలోపు అయిపోతుంది!

అయితే వీటితో ఒక చిక్కుంది. పది కథల్లో మూడు మనసుకి హత్తుకుంటాయి. నాలుగు ఫరవాలేదు. మిగతా మూడూ ఎందుకు చదివామా అనిపిస్తాయి. కారణం లేకపోలేదు. అవి ఒక్కసారి కూర్చుని రాసినవి కావు కదా! ఒకటి దీపావళి సంచికకి, ఒకటి ఉగాదికి, మరొకటి సంపాదకుల తొందర మీద. పత్రికలో చోటు కొలిచి ఇస్తారు. అందుకే మొదటి పేజీలో చూపులు కలిసి, రెండో పేజీలో అపార్థాలొచ్చి, ఆఖరి పేరాలో బాజాలు మోగిపోతాయి.

మా పామర్రుకి దగ్గర్లోని కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారు కూడా కథతోనే మొదలుపెట్టారు. 1956లో ఆంధ్రపత్రికలో ‘చిత్రనళినీయం’ వచ్చేనాటికి ఆవిడకి ఇంచుమించు పదహారేళ్ళు. ‘సెక్రటరీ’ వంటి నవలలు ఆ తరవాతి మాట.

మొన్న సంక్రాంతికి బెజవాడ హాస్టలు నుంచి మా అమ్మాయి జపాను బొమ్మల కథల పుస్తకం తెచ్చింది. మాంగా అంటారు. కుడినుంచి ఎడమకి చదవాలి. నేను మామూలుగా తెరిచేసరికి ముందు పెళ్ళి, తరవాత పరిచయం కనిపించాయి! అక్కడా ఆడపిల్లల పత్రికలున్నాయి. ‘రిబాన్’ 1955లో మొదలైంది. హాగియో మోటో అనే ప్రసిద్ధ రచయిత్రి కూడా 1969లో ‘నకయోషి’ పత్రికలో చిన్న కథతోనే అడుగుపెట్టారు. దేశమేదైనా తీరొక్కటే. సంపుటంలో ఒక కథ ముత్యం, పక్కది తాలు.

అందులో ఒక కథ నాకు బొత్తిగా నచ్చలేదు. బొమ్మలు గజిబిజి. ముగింపూ లేదు. అబ్బాయి అడుగుతాడు, అమ్మాయి “కొంచెం వ్యవధి కావాలి” అంటుంది. అంతే! విసుగ్గా పేజీ తిప్పబోతే, అక్కడ మడత కనిపించింది.

“ఏమే, ఇంత పేలవమైన కథకి గుర్తెందుకు పెట్టుకున్నావ్?” అన్నాను.

“ఆ పిల్లని ఎవరూ తొందరపెట్టలేదమ్మా” అంది, తల ఎత్తకుండా.

నా గుండె జల్లుమంది. ఆ ఆదివారమే దానికి పెళ్ళిచూపులు. పిల్లాడు మంచివాడని విని మేము ముహూర్తాల దాకా వెళ్ళిపోయాం. దాన్ని అడిగామా? లేదు. నా పెళ్ళిలో నన్నూ ఎవరూ అడగలేదు. అదే రివాజనుకున్నాను.

ఆ రాత్రి మావారికి మజ్జిగ పోస్తూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “వాళ్ళేమనుకుంటారో!” అన్నారు. తెల్లవారాక తనే ఫోను చేశారు, పిల్లలు రెండుమూడుసార్లు మాట్లాడుకున్నాకే మాట అనుకుందామని. అవతలివాళ్ళు సరేనన్నారు. మాటలింకా సాగుతున్నాయి. ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను. కానీ మా అమ్మాయి మాత్రం మళ్ళీ నవ్వుతోంది.

అందుకని, అక్కలారా, సంపుటంలో మనకి రుచించని కథల్ని పారేయకండి. ఇంట్లో ఇంకెవరైనా ఏ పేజీ మడిచారో ఒక్కసారి చూడండి.

సెలవు.